తెల్లగా కాలిన చోటు

ఆయన సంచి నేనే సర్దాను. రెండు పంచెలు, మూడు లాల్చీలు, నాలుగు బనీన్లు, ఒక తువ్వాల, బీపీ గోలీల డబ్బా, రైల్లో తినడానికి కారప్పూస. కాశీకి పోయే గుంపులో ముప్పై ఒక్క మంది ఉన్నారు. అందరి సంచులూ ఒక్క తీరుగానే ఉంటాయి, ఎక్కడన్నా తారుమారు అవుతాయేమోనని నాకు భయం పట్టుకుంది. తెల్ల గుడ్డముక్క మీద ఆయన పేరు, నాచారం చిరునామా, మా కొడుకు ఫోటో స్టూడియో నంబరు రాసి సంచి లోపలి వైపు కుట్టాను.

ఆయన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

"సంచికి గంత పేరు రాస్తివి. కాశీల దేవుడు నన్ను సూడాల్నా, సంచిని సూడాల్నా?"

"నువ్వు జర ఊకో. కాశీకి పోయినోళ్లు ఒక కాయో పండో ఇడిసి రావాలె. ఏం ఇడుస్తవో అనుకున్నవా?"

"కాకరకాయ."

"అది నువ్వు ఎన్నడు తిన్నవు గనుక?"

"అందుకే. కష్టం ఉండదు."

ఎవరు గడప దాటినా వాళ్లు మలుపు తిరిగేదాకా వెనక నిలబడి చూడటం నాకు చిన్నప్పటి అలవాటు. పోయినవాళ్లు వస్తారన్న నమ్మకం నాకు ఎప్పుడూ లేదు. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలుసు కనుక నా భయాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ ఎండాకాలం మటుకు నా భయాన్ని ఒకసారి విన్నారు. వినకుండా ఉండాల్సింది. అది చెప్పాలంటే సంచి సర్దిన రోజుకు నెల వెనక్కి పోవాలి.

మా కొడుకు మహిపాల్‌కు నాచారం మెయిన్ రోడ్డు మీద స్టూడియో ఉంది. ఇరవై ఏళ్లు రీలు కెమెరాతో పని చేసి, ఆ ఏడే డిజిటల్ కెమెరాకు మారాడు. కోడలు త్రివేణి స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బములు చేస్తుంది. పెళ్లి దగ్గర తీసిన ఫోటో తీసినట్టు సరి చూసే మనిషి లేక, మహిపాల్ ఒకరోజు నన్ను పిలిచాడు. నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు, గోడల మీది రాతలు చూసి చదవడం నేర్చుకున్నాను. కెమెరాతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, బొమ్మలు చూశాను. మిగిలింది వాడు చెప్పాడు.

నన్నే గుమ్మంలో నిలబెట్టి ఒక ఫోటో తీసి, వెనక ఉన్న చిన్న తెర నా ముందు పెట్టాడు.

"నీ కొంగు కాడ సూడమ్మా. నల్లగ కొట్టుకుంటుందా?"

"కొట్టుకుంటుంది. నల్లగైతుంది, పోతుంది. పాడైందారా?"

"పాడు గాలే. ఆడ ఎలుగు ఎక్కువైందని చెప్తుంది. ఎక్కువై ఎక్కువై తెలుపు నిండిపోయింది. ఇగ ఆడ పోగు లేదు, మడత లేదు. ఉట్టి తెలుపు."

"తెల్లగున్న కాడ నల్లగ కొట్టుకునుడేంది?"

"తెల్లగున్న కాడ తెల్లగ కొట్టుకుంటె నీకెట్ల కనపడ్తది?"

త్రివేణి కంప్యూటర్ దగ్గర నవ్వింది. "నల్లగ వస్తె నేను బాగు చేస్త అత్తమ్మా. చీకట్ల ఎంతో కొంత ఉంటది, లేపితె లేస్తది. తెల్లగ కాలిందాంట్ల ఏం ఉండదు. ఎవ్వలు లేపలేరు."

నాకు రొట్టె గుర్తొచ్చింది. పచ్చిగా ఉన్న జొన్నరొట్టెను మళ్లీ పెంక మీద వేయొచ్చు. మాడినదాన్ని ఏం చేస్తాం.

కొట్టుకున్నదల్లా తప్పు కాదని కూడా నేర్చుకున్నాను. బల్బు కొట్టుకుంటే ఫికర్ లేదు. హారం మీది తళుకు, స్టీలు గిన్నె అంచు, కిటికీ అవతలి ఆకాశం, వీటిలో ఎట్లాగూ చూసేది ఏమీ ఉండదు. నుదురు కొట్టుకోవద్దు, ముక్కు కొట్టుకోవద్దు, చెంప కొట్టుకోవద్దు, పట్టుచీర, తలంబ్రాలు పట్టిన చేతులు కొట్టుకోవద్దు. అందరికీ ఒకటే కోరిక, మా పిల్ల జర తెల్లగ రావాలె అన్నా అని. అందుకని మహిపాల్ ఎప్పుడూ వెలుగు ఒక మెట్టు ఎక్కువే పెట్టేవాడు. మండపం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఒక్కో తంతు అయ్యాక కెమెరా తెచ్చి నా ఒళ్లో పెట్టేవాడు. నేను "నుదురు" అనేదాన్ని. వాడు ఒక మెట్టు తగ్గించి మళ్లీ తీసేవాడు.

అరవై ఆరేళ్లలో నీకేం కనపడుతుందని నన్ను అడిగినవాళ్లు లేరు. ఎవరో కూల్ డ్రింకు తెచ్చిచ్చేవారు, ఎవరో ఫ్యాను నా వైపు తిప్పేవారు. మా ఆయన నన్ను ఇన్‌స్పెక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు.

"ఇన్‌స్పెక్టరమ్మా, జర నా మొహం గూడ సూసి చెప్పు, కాలిందా?"

"ఎప్పుడో కాలింది. అన్నం తిను."

కాశీయాత్ర జాబితాలో మొదట మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. యాత్ర పెట్టింది మా వీధిలో ఉండే సత్యనారాయణమూర్తి గారు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ బడిపంతులుగారు, రిటైరయ్యారు. ఆయన దగ్గరికి పోయి నా పేరు నేనే కొట్టేయించుకున్నాను. పెళ్లిళ్ల రోజులు, కొడుక్కి ఇబ్బంది అన్నాను. అసలు సంగతి, ఆ ప్లాస్టిక్ కుర్చీ విడిచి పోబుద్ధి కాలేదు.

ఆయనను ఒక్కణ్ని పంపడానికి నాకు ఒక శంక ఉండింది. మార్చిలో ఒక సాయంత్రం ఆయన టిఫిన్ డబ్బా కట్టుకుని, తాను పని చేసిన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి తొమ్మిదేళ్లు. మహిపాల్ స్కూటర్ మీద తీసుకొచ్చాడు. "షిఫ్టు ఇంక మారలేదు," అన్నాడు ఆయన. తమాషా చేస్తున్నాడని అందరం నవ్వాం. ఆ తర్వాత నేను ఒకసారి ఆ మాట ఎత్తితే, "నీకు అన్నిటికి భయమే అమ్మా," అన్నాడు కొడుకు. మళ్లీ ఎత్తలేదు.

మే మొదటి వారంలో బోడుప్పల్‌లో ఒక పెళ్లి. ఫోకస్ లైటు నేరుగా పెళ్లికొడుకు మొహం మీద పడుతోంది. చెమటకు, పసుపుకు మొహం మెరిసిపోతోంది. జీలకర్ర బెల్లం అయ్యాక కెమెరా నా ఒళ్లోకి వచ్చింది. చూస్తుంటే నా భుజం మీదుగా ఒక ముసలామె వంగింది. పెళ్లికొడుకు నాయనమ్మ, వెంకటనర్సమ్మ.

"నన్ను గూడ జర సూడనియ్యక్కా," అంది. చూసింది. అద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఏందే ఇది? మా పిలగాని మొహం నల్లగైతుంది, పోతుంది, నల్లగైతుంది. పక్కన పిల్లకు లేదు, వీనికే ఎందుకున్నది?"

"ఎలుగు ఎక్కువై వదినా..."

"మొహం ఉండుడేంది, పోవుడేంది?"

ఆమె గొంతుకు పదిమంది చేరారు. పంతులు మంత్రం ఆపాడు. మహిపాల్ పరుగున వచ్చి, నచ్చజెప్తున్నాననుకుని, "ఏం లేదు పెద్దమ్మా, కొట్టుకునే కాడ ఏం లేదని అది చెప్తది, గంతె," అన్నాడు.

"ఏం లేదా? పీట మీద కూసున్న నా మనుమడు లేడంటున్నవా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెళ్లికొడుకు మేనమామ ఆ నవ్వినవాణ్ని పట్టుకుని తిట్టాడు. చివరికి పిల్లవాడికి ఎర్రనీళ్లతో దిష్టి తీశారు, కెమెరాకు కూడా ఒక నిమ్మకాయ తిప్పి రోడ్డు మీద పడేశారు. పెళ్లి అయింది. వెంకటనర్సమ్మ మటుకు భోజనం చేయలేదు. పీటల పక్కనే కూర్చుని మనుమడి చేయి పట్టుకుంది.

షేర్ ఆటోలో తిరిగి వస్తూ నేను కొడుకుతో అన్నాను, "గా కొట్టుకునుడు తీసెయ్‌రా."

"తీసేస్తె కండ్లకు గంతలు కట్టుకున్నట్టే అమ్మా. ఎండల తెర మీద ఏం కనపడదు. అది కొట్టుకుంటెనే తెలుస్తది."

"నేను సూస్త కద. ఇన్ని దినాలాయె, అది కొట్టుకోకున్నా నాకు తెలుస్తది."

వెంకటనర్సమ్మకు భయమైందని అడుగుతున్నానని వాడు అనుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని ఆ మొహం పోవడం, రావడం చూసి నాకూ భయమైంది. ఆ మాట చెప్పలేదు. ఉప్పల్ చౌరస్తాలో దిగాక వాడు మీట నొక్కి, నొక్కి, ఒక చోట ఉన్న గుర్తు తీసేశాడు.

"తీసేసిన. నువ్వే దిక్కు ఇగ," అన్నాడు నవ్వుతూ.

యాత్ర బయల్దేరింది సోమవారం. మధ్యాహ్నం రైలు. పదకొండున్నరకు వీధిలో బండి వచ్చి నిలబడింది. మహిపాల్ రామంతాపూర్ పెళ్లిలో నుంచి కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు, తండ్రిని ఎక్కించి మళ్లీ పోవాలి.

"నాయిన ఫోటో ఒక్కటి తియ్‌రా," అన్నాను.

సొంత స్టూడియో పెట్టుకుని ఇరవై ఏళ్లయినా ఆయన ఫోటో సరైనది ఒక్కటి లేదు. తీద్దాం, తీద్దాం అనేవాడు కొడుకు. నా మొహం సూసుకుంటందుకు అద్దం ఉన్నది కద అనేవాడు తండ్రి. ఆరోజు ఎందుకో గేటు ముందు నిలబడ్డాడు. తెల్ల లాల్చీ, తెల్ల పంచె, ముందు రోజే గీయించుకున్న నున్నని గడ్డం, నెత్తి మీద తెల్ల వెంట్రుకలు. ఎండ మొహం మీద నిలువునా పడుతోంది.

"కొమురెల్లి గారూ, రైలు మన కోసం ఆగదండీ," బండిలోంచి సత్యనారాయణమూర్తి గారు పిలిచారు. "ఫోటోలు కాశీలో తీయించుకుందాం, వచ్చేయండి."

"వస్తున్న సారూ. ఇన్‌స్పెక్టరమ్మ ఇడుస్తలేదు."

మండపం చీకటికని కెమెరాలో పెట్టుకున్న లెక్కలు మహిపాల్ కొన్ని మార్చాడు, కొన్ని మరిచిపోయాడు. ఒక్క ఫోటో తీసి కెమెరా నా చేతికిచ్చి, సంచి అందుకుని బండి దగ్గరికి నడిచాడు. నేను కొంగు అడ్డం పెట్టి చూశాను. ఏమీ కొట్టుకోవడం లేదు. మొహం పాలిపోయినట్టుంది. ఎండకు తెర అట్లాగే కనపడుతుంది అనుకున్నాను.

"ఎట్లున్నదమ్మా? ఇంకోటి తియ్యాల్నా?"

"మంచిగనే ఉన్నది. పోనియ్, ఆలస్యమైతుంది."

"మీరేం బెంగ పెట్టుకోకండి కౌసల్యమ్మగారూ," అన్నారు మూర్తి గారు. "మనిషి మనిషినీ లెక్కపెట్టి ఎక్కిస్తాను, లెక్కపెట్టి దింపుతాను."

బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఆయన వెనక్కి చూడలేదు. కిటికీ పక్కన సీటు దొరికినందుకు పక్కవాళ్లతో ఏదో చెబుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకు ఫోనొచ్చింది. మూర్తి గారి గొంతు గుర్తు పట్టలేకపోయాను.

"ఇటార్సీలో టీకి దిగారండీ. బండి కదిలింది. వెనక బోగీలో ఎక్కి ఉంటారనుకున్నాం. జబల్‌పూర్‌లో బోగీలన్నీ చూశామండీ. లేరు."

"సంచి?"

"సంచి ఇక్కడే ఉందమ్మా."

మహిపాల్ అప్పుడే బయల్దేరడానికి లేచాడు. ఫోటో కావాలె, పోలీసోళ్లు మొదాలు అదే అడుగుతరు అన్నాడు. త్రివేణి కెమెరాలోని కార్డు తీసి కంప్యూటర్‌కు పెట్టింది. ఫోటో పెద్దగా తెర మీదికి వచ్చింది.

గేటు తుప్పు కనపడింది. పక్కింటి నీలం డ్రమ్ము మీద కంపెనీ పేరు చదవడానికి వచ్చింది. ఆయన చెప్పులు, చెప్పుల వారుకు నేను వేసిన కుట్టు కూడా కనపడింది. మోకాళ్ల నుంచి పైకి తెలుపు. మెడ పైన రెండు కళ్ల కింద రెండు నీడ ముక్కలు, గడ్డం కింద ఒక గీత. అంతే.

త్రివేణి ఒక మీటను నెమ్మదిగా కిందికి జరిపింది. తెలుపు బూడిద రంగుకు తిరిగింది. ఇంకా జరిపింది, ముదురు బూడిద అయింది. ఆ బూడిదలో ముక్కు లేదు, నోరు లేదు.

మహిపాల్ కార్డును మళ్లీ కెమెరాలో పెట్టి, తీసేసిన గుర్తును మళ్లీ పెట్టాడు. ముగ్గురం ఆ చిన్న తెర మీదికి వంగాం. మొహం మొత్తం, లాల్చీ మొత్తం నల్లగా అయింది, పోయింది, నల్లగా అయింది.

"ఇంకోటి తియ్యాల్నా అని అడిగిన కదమ్మా," అన్నాడు మెల్లగా. ఆ మాట వాడు మళ్లీ ఎప్పుడూ అనలేదు.

కొంచెం సేపటికి త్రివేణి, "మామయ్యవి వేరే ఏమన్న ఉన్నయా అత్తమ్మా?" అంది. వెతికాం. ఓటరు కార్డులో ఉన్నది మనిషో నీడో తెలియదు. రేషన్ కార్డులో మా అందరి మొహాలు చిటికెన గోరంత. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఒకటి ఉంది, పాతికేళ్ల కిందటిది, ఒత్తుగా మీసం, నల్ల జుట్టు. త్రివేణి దాన్నే తీసుకుని మీసం తీసేసింది, జుట్టు తెల్లబరిచింది, చెంపల మీద గీతలు గీసింది. ఎక్కడో చూసిన మనిషిలా వచ్చింది కానీ ఆయనలా రాలేదు. ఆయన బుగ్గలు ఎట్లా జారాయో చెప్పమని నన్ను అడిగింది. నలభై ఎనిమిదేళ్లు ఎదురుగా కూర్చుని అన్నం పెట్టాను. చెప్పలేకపోయాను. ఆ బొమ్మతోనే పోస్టర్లు వేశారు.

మహిపాల్ ఆరు రోజులు ఇటార్సీలో తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఫోను వచ్చిన చోటికల్లా పోయాడు, నాగ్‌పూర్ ఒకసారి, భోపాల్ ఒకసారి. ఇద్దరూ వేరే ముసలివాళ్లు. నేను పెళ్లిళ్లకు పోవడం మాని స్టూడియోలో ఫోను పక్కన కూర్చున్నాను.

మే ఆఖరున దామోదర్ అనే ఆయన ఫోను చేశాడు.

"అమ్మా, నాది కాజీపేట. ఇటార్సీల రైల్వే పని జేస్త. ఈడ ఒక సత్రంల ముసలాయన ఉన్నడు. తెలుగోడనే అనిపిస్తుంది, ఒకటో రెండో మాటలు అన్నడు. పేరు చెప్తలేడు. మీ పోస్టర్ పక్కన పెట్టి సూసిన. గా మనిషి గాదమ్మా. వేరే ఫోటో ఏమన్న ఉన్నదా?"

ఎండలో తీసిన ఫోటోను మహిపాల్ ఇంటర్నెట్‌లో పంపాడు. మర్నాడు దామోదర్ మళ్లీ చేశాడు.

"దీంట్ల మొహమే లేదు కదమ్మా. పంచె, లాల్చీ ఉన్నయి. గిసొంటి పంచెలు ఈడ వంద మందికి ఉన్నయి."

"ఫోను ఆయనకియ్యి బిడ్డా. నేను మాట్లాడుత."

"ఇచ్చి సూసిన. చెవు కాడ పెడితె పక్కకు నూకేసిండు."

మహిపాల్ అప్పుడే భోపాల్ నుంచి వచ్చి ఉన్నాడు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. "గాదంటున్నడు కదమ్మా," అన్నాడు. నేను పొమ్మనలేదు.

పది రోజులకు మొదటి వాన పడింది. ఆ సాయంత్రం దామోదర్ తనంతట తాను ఫోను చేశాడు.

"ఊకెనే చేసిన అమ్మా. మీ ఆయన దొరికిండా?"

"లేదు బిడ్డా."

"ఈ సత్రం ముసలాయనను సూస్తె మీరే యాదికొస్తరు. గమ్మతి మనిషి. తినంగనే పళ్లెం కడిగి బోర్లిస్తడు. దాని మీద తువ్వాల మడిచి పెడ్తడు. దాని మీద చెయ్యి పెట్టి కూసుంటడు. పళ్లెం ఎవ్వల ముట్టనియ్యడు. మొన్న ఒకడు తీయబోతె కొట్టబోయిండు."

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పళ్లేలు తక్కువ. షిఫ్టు మారేటప్పుడు ఒకరిది ఒకరు ఎత్తుకుపోయేవారు. ముప్పై ఏళ్లు అక్కడ తిన్న మనిషి, ఇంట్లో కూడా అట్లాగే కూర్చునేవాడు. పోలికలు అడిగినప్పుడు పోలీసులకు ఎత్తు చెప్పాం, రంగు చెప్పాం, కుడి చేతి మీది మచ్చ చెప్పాం. ఇది చెప్పాలని ఎవరికీ తోచలేదు.

నేను ఫోను త్రివేణి చేతికిచ్చాను.

మరుసటి రోజు మధ్యాహ్నానికి నేను, మహిపాల్ ఇటార్సీలో ఉన్నాం. దామోదర్ స్టేషన్‌లో ఎదురుచూస్తున్నాడు. మా మొహాలు చూడలేక రైలు వైపు చూస్తూ నిలబడ్డాడు. "పొద్దున మీకు ఫోన్ చేసిన, అప్పటికె ఎక్కిన్రు అన్నది మీ కోడలు," అన్నాడు.

సత్రం పెద్దమనిషి హిందీలో చెప్పాడు, మహిపాల్ తెలుగు చేశాడు. ముందు రోజు రాత్రి మూటలు నెత్తిన పెట్టుకుని ఒక కూలీల గుంపు స్టేషన్‌కు పోయింది. ముసలాయన వాళ్ల వెనకే పోయాడు. డ్యూటీకి పోతున్న మనిషి లాగా పోయాడట. ఏ రైలు ఎక్కిందీ ఎవరూ చూడలేదు.

"ఆపలేదా?" అన్నాను. అది హిందీ చేయనక్కర లేకుండానే ఆయనకు అర్థమైంది.

ఎవరని చెప్పి ఆపాలి అన్నాడు. మా పోస్టర్ బల్ల సొరుగులోంచి తీశాడు. దాన్ని మహిపాల్ మొహం పక్కన పెట్టి చూసి, ఇది నీ ఫోటోనా అని అడిగాడు.

మహిపాల్ పోస్టర్ తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయన పడుకున్న మూల చూపించమన్నాను. అప్పటికే వేరే మనిషి పడుకుని ఉన్నాడు, నిద్రలో ఉన్నాడు. లేపవద్దన్నాను.

ఆ తర్వాత మహిపాల్ ఆ రైలు దారిలో ఆరుసార్లు పోయి వచ్చాడు. నేను ఇంట్లో ఉన్నాను.

మా ఆయన కొమురెల్లి, డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, రెండు వేల తొమ్మిది మే పన్నెండు, మంగళవారం పొద్దున ఇటార్సీ స్టేషన్‌లో టీ తాగడానికి రైలు దిగాడు. తిరిగి రాలేదు.